నాన్న ఎడమ చెవికి ఎనిమిది డెసిబెల్స్

బదిలీల ఇళ్లలో సామాను రెండు రకాలు: లారీ ఎక్కేది, ఎక్కనిది. కూలరు, ప్లాస్టిక్ కుర్చీలు, అమ్మ పెంచిన కరివేపాకు మొక్క ఎక్కనివి. అవి పక్క క్వార్టర్ వాళ్లకి వెళ్లిపోతాయి. మంచాలు, పుస్తకాలు, గ్రైండరు ఎక్కుతాయి. మా ఇంట్లో మూడో రకం కూడా ఒకటుంది. దాన్ని లారీవాళ్ల చేతికి ఇవ్వం. రెండు తువ్వాళ్లలో చుట్టి, స్కూలు బ్యాగులో పెట్టి, రైల్లో వంతులవారీగా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటాం. జామ్‌నగర్ నుంచి జోర్హాట్ వరకు అలాగే వచ్చింది. దాని పక్కన ఇంకో అట్టపెట్టెలో హెడ్‌ఫోన్స్.

అదొక నల్లటి లోహపు పెట్టె. లావుపాటి నోట్‌బుక్ అంత ఉంటుంది, బరువు కిలో. ముందు ఒక పెద్ద నాబు, రెండు చిన్న నాబులు, నాలుగు బటన్లు, చిన్న రంగుల తెర. పేరు ఆర్‌ఎమ్‌ఈ ఏడీఐ-2 డాక్, జర్మనీ కంపెనీది. కొత్తది కొనాలంటే ఖరీదు ఎక్కువే. మేము కొన్నది కాదు. మా మావయ్య హైదరాబాద్‌లో ఒక డబ్బింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజనీరు. ఆయన తన గదికి ఇంకో యంత్రం తెచ్చుకుని, వాడిన ఈ పెట్టెను మాకిచ్చారు. "అమ్మాయ్, దీన్ని రేడియోలా వాడకండి. మాన్యువల్ చదవండి" అన్నారు అక్కతో. అక్క పదో తరగతి, తమ్ముడు ఏడు. ఇద్దరం కలిసి చదివాం. సగం అర్థమైంది, మిగతా సగం వాడుతూ ఉంటే అర్థమైంది.

డాక్ అంటే ఏమిటో తెలియనివాళ్లకి రెండు మాటలు. ఫోన్‌లోగానీ కంప్యూటర్‌లోగానీ పాట ఉండదు, అంకెలుంటాయి. సీడీ లెక్కలో అయితే సెకనుకి 44,100 అంకెలు, ఒక్కో చెవికి. సోనీ, ఫిలిప్స్ కంపెనీలు కలిసి సీడీని 1982లో బజారులోకి తెచ్చినప్పటి లెక్క అది. మనిషి చెవి బాగుంటే సుమారు 20,000 హెర్ట్జ్ వరకు వింటుంది. ఒక శబ్దాన్ని అంకెల్లో పట్టుకోవాలంటే దానికి రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలవాలి. అందుకని 40,000 దాటి ఇంకాస్త. ఒక్కో కొలత 65,536 మెట్లలో ఏదో ఒక మెట్టు మీద ఉంటుంది. నాలుగు నిమిషాల పాటకి ఒక్క చెవికే కోటీ అయిదు లక్షల పైచిలుకు అంకెలు. (తమ్ముడు గుణించి చూశాడు: 1,05,84,000.) ఇన్ని అంకెల్నీ వరుస తప్పకుండా, సమయం తప్పకుండా కరెంటు హెచ్చుతగ్గులుగా మార్చాలి. ఆ పని చేసేదే డాక్. ప్రతి ఫోన్‌లోనూ ఒక చిన్న డాక్ ఉంటుంది. ఇది అదే పనిని చాలా నెమ్మదిగల మనిషిలా, ఏ గుసగుసా కలపకుండా చేస్తుంది.

పెట్టెలో రెండో భాగం హెడ్‌ఫోన్ యాంప్లిఫయరు. మా హెడ్‌ఫోన్స్ సెన్‌హైజర్ హెచ్‌డీ 600. అవి కూడా మావయ్యవే, చెవి మెత్తలు మాత్రం కొత్తవి వేయించారు. వాటి ఇంపెడెన్స్ 300 ఓమ్‌లు. మామూలు ఇయర్‌ఫోన్లు 16, 32 ఓమ్‌ల దగ్గర ఉంటాయి. 300 ఓమ్‌లవాటిని ఫోన్‌కి పెడితే పాట వస్తుంది కానీ బావిలోంచి వచ్చినట్టుంటుంది, ఎందుకంటే వాటికి ఎక్కువ వోల్టేజీ కావాలి. పైగా వాటి జాక్ లావుది, 6.35 మిల్లీమీటర్లది. పాతకాలం టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల్లో ఆపరేటర్లు ఒక తీగ పీకి ఇంకోచోట గుచ్చేవారే, ఆ జాక్ వంశమే ఇది. ఇయర్‌ఫోన్ల జాక్ దీని మనవరాలు.

మొదట నేర్చుకున్నది హై పవర్ అనే అమరిక గురించి. అది ఆపి ఉంచితే ఒక మోస్తరు బలం, వేస్తే 15 డెసిబెల్స్ ఎక్కువ. పెద్ద హెడ్‌ఫోన్స్ కదా, వేసుకోవాలేమో అనిపిస్తుంది. మావయ్య వద్దన్నారు. "ముందు ఆపే ఉంచి, నాబు ఎంతవరకు తిప్పాల్సి వస్తుందో చూడండి. సరిపోతుంటే దాని జోలికి వెళ్లొద్దు" అని. సరిపోయింది. మా క్వార్టర్ గదిలో, ఫ్యాన్ తిరుగుతున్నా, తెర మీద మైనస్ 25 దగ్గర వినడానికి సుఖంగా ఉంటుంది. ఈ యంత్రంలో అంకె సున్నా వైపు వెళ్లేకొద్దీ శబ్దం పెరుగుతుంది. మైనస్ 40 కంటే మైనస్ 20 పెద్దది. ఏడో తరగతి పూర్ణాంకాల పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదని తమ్ముడి అభిప్రాయం.

తరువాత కంప్యూటర్ సంగతి. మా పాత ల్యాప్‌టాప్ అన్ని పాటల్నీ 48,000 లెక్కలోకి మార్చి పంపేది. 44,100తో రికార్డయిన పాటని 48,000కి మార్చడమంటే కిలోల లెక్క వీశెల్లోకి మార్చినట్టు. పని జరుగుతుంది, అవసరం మాత్రం లేదు. సౌండ్ సెట్టింగుల్లో దాన్ని 44,100కి పెట్టాం, ల్యాప్‌టాప్ వాల్యూమ్ పూర్తిగా పైకి పెట్టి, తగ్గించడం పెంచడం పెట్టె మీదే చేశాం. అంకెలు మధ్యలో మారకుండా వస్తున్నాయో లేదో చూడటానికి కంపెనీ ఇచ్చిన పరీక్ష ఫైలు ఒకటుంది. దాన్ని ప్లే చేస్తే అన్నీ సరిగా అందినప్పుడు తెర మీద పాస్ అని పడుతుంది. మా ఇంట్లో చదవకుండా పాసైన పరీక్ష అదొక్కటే.

ఫిల్టర్లని ఇంకో మెనూ ఉంది. షార్ప్, స్లో, ఇలా నాలుగైదు. వీటి గురించి పెద్దలు గంటలకొద్దీ వాదించుకుంటారట. మేము ఒక ఆదివారం పరీక్ష పెట్టాం. ఒకరు కళ్లు మూసుకుని వినడం, ఇంకొకరు మారుస్తూ ఉండటం. ఇద్దరి మార్కులూ బొమ్మా బొరుసూ వేసినట్టే వచ్చాయి. షార్ప్‌లో వదిలేసి మళ్లీ ముట్టుకోలేదు. లోపలి చిప్ సంగతి మాత్రం ఆసక్తిగా అనిపించింది. మా పెట్టెలో ఉన్నది జపాన్‌లో ఏకేఎం కంపెనీ చేసిన చిప్. 2020 అక్టోబరులో నొబెఒకా ఊళ్లో వాళ్ల ఫ్యాక్టరీ కాలిపోయింది, మంటలు రోజుల తరబడి ఆరలేదు. ఆ చిప్పులు దొరక్క ప్రపంచంలో ఎన్నో ఆడియో కంపెనీలు తమ యంత్రాల నమూనాలే మార్చుకోవాల్సి వచ్చింది. ఆర్‌ఎమ్‌ఈ కూడా వేరే చిప్‌కి మారింది. మాది మంటలకి ముందుది.

ఇంతవరకూ ఇది మా ఇద్దరి ఆటవస్తువే. నాన్న దాని దగ్గరికి వచ్చేవారు కాదు.

నాన్న పని పెద్ద డీజిల్ ఇంజన్ల దగ్గర. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో చెవులకి రక్షణ పెట్టుకునే అలవాటు తక్కువని, ఇప్పుడు తప్పనిసరని ఆయనే చెబుతారు. చాలా ఏళ్లు ఆయన కూర్చున్న చోట ఇంజను ఎడమవైపు ఉండేది. మాకు ఊహ తెలిసినప్పటి నుంచి నాన్న ఫోన్ కుడి చెవికే పెట్టుకుంటారు. భోజనాల దగ్గర ఎడమవైపు కూర్చున్నవాళ్లు రెండుసార్లు చెప్పాలి. ఫ్యాన్ తిరుగుతుంటే స, శ, చ లాంటి అక్షరాలు ఆయనకి జారిపోతాయి. అమ్మ సంచి తెమ్మంటే కంచం తెచ్చేవారు. ఆయనే ముందు నవ్వేసేవారు. జోర్హాట్ వచ్చాక నవ్వడం తగ్గింది. కొత్త ఊరు, కొత్త భాష. హిందీలో, అస్సామీలో అవతలివాళ్లు అన్న మాట సగం వినపడకపోతే మిగతా సగం ఊహించుకోవడానికి తెలుగులో ఉన్నంత వీలుండదు. కాలనీలో ఎవరింటికి పిలిచినా "మీరు వెళ్లి రండి" అనేవారు. పాటలైతే ఎప్పుడో మానేశారు. తెనాలి దగ్గర పుట్టి, హార్మోనియం మీద పద్యాలు పాడే తాతయ్య ఇంట్లో పెరిగిన మనిషి ఆయన.

అమ్మ పట్టుబట్టి చెవి పరీక్షకి తీసుకెళ్లింది. మేమూ వెళ్లాం. డాక్టరుగారు ముందు గులిమి ఉందేమో, చెవిపొర ఎలా ఉందో చూశారు. వేరే జబ్బేమీ లేదని తేల్చుకున్నాక శబ్దాలు రాని చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఒక్కో చెవిలో కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. గాజు ఇవతల నుంచి చూస్తుంటే కుడి చెవి వంతులో నాన్న వేలు చకచకా కదిలింది. ఎడమ చెవి వంతు వచ్చాక చాలాసేపు కదల్లేదు. అమ్మ గోడ మీద పోస్టరు చదవడం మొదలుపెట్టింది.

చేతికి ఇచ్చిన కాగితాన్ని ఆడియోగ్రామ్ అంటారు. మన గణితం గ్రాఫుకి తలకిందులు. గీత కిందికి దిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమకి నీలం ఇంటూలు. నాన్న కుడి గీత ఇరవై, పాతిక దగ్గర నడిచింది. ఎడమ గీత 1000 హెర్ట్జ్ వరకు బాగానే వెళ్లి, 3000 దగ్గర వంగి, 4000 దగ్గర 55కి పడిపోయి, 8000 దగ్గర కాస్త లేచింది. చప్పుడు వల్ల పాడైన చెవులకి సరిగ్గా ఇలా 4000 చుట్టూ గుంట పడుతుందని ఆడియాలజిస్టు మేడమ్ చెప్పారు. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలుంటాయి, అవి ఒకసారి పోతే మనుషుల్లో మళ్లీ మొలవవు.

ఆ రాత్రి అక్క ఆ కాగితాన్ని ముందు పెట్టుకుని మాన్యువల్ తిరగేసింది. మా పెట్టెలో ఈక్వలైజర్ ఉంది. అయిదు బ్యాండ్లు. ఒక్కో బ్యాండ్‌కి మూడు అంకెలు ఇవ్వాలి: ఏ హెర్ట్జ్ దగ్గర, ఎంత ఎత్తు, ఎంత వెడల్పు. ఎత్తు 12 డెసిబెల్స్ వరకు. ఇవన్నీ మాకు తెలిసినవే. తెలియనిది ఏమిటంటే, డ్యూయల్ ఈక్యూ అని ఒక చిన్న అమరిక ఉంది. దాన్ని వేస్తే కుడికి వేరే, ఎడమకి వేరే లెక్క పెట్టుకోవచ్చు.

మావయ్యకి ఫోన్ చేస్తే ఆయన ఎగిరి గంతేస్తారనుకున్నాం. ఆయన మాత్రం "ముందు ఆ మేడమ్‌ని అడగండి. బావగారి చెవి మీ ప్రయోగశాల కాదు" అన్నారు. అడిగాం. ఆమె నవ్వకుండా, పూర్తిగా విని, మూడు మాటలు చెప్పారు. నష్టం 55 కదా అని 55 పెంచకూడదు. వినికిడి యంత్రాల్లో కూడా మొదటి నుంచీ నష్టంలో సగం దరిదాపుల్లోనే పెంచుతారు. రెండోది, ఇలాంటి చెవికి చిన్న శబ్దం వినపడదు కానీ పెద్ద శబ్దం మామూలు చెవికి ఎంతో దీనికీ అంతే పెద్దగా తగులుతుంది, మధ్యలో చోటు ఇరుకు. కాబట్టి కొద్దికొద్దిగా వెళ్లాలి, ఆయన బాధగా ఉందంటే ఆగాలి. మూడోది, ఇది పాటలకి మాత్రమే. మాటలకి వినికిడి యంత్రం పెట్టించాల్సిందే, వాయిదా వేయకండి.

నాన్నని కూర్చోబెట్టడమే కష్టమైంది. "నాకెందుకురా ఇవన్నీ" అన్నారు. తమ్ముడు సైన్స్ ప్రాజెక్టు అన్నాడు. అది అబద్ధం కాదు, తరువాత నిజంగానే ప్రాజెక్టు చేశాడు.

కుడి వైపు ఏమీ ముట్టుకోలేదు. ఎడమ వైపు 4000 దగ్గర 3 డెసిబెల్స్‌తో మొదలు. వెడల్పు కాస్త ఎక్కువగా, ఇటు 3000, అటు 6000 కూడా లేచేలా. రోజూ రాత్రి భోజనాలయ్యాక పావుగంట. ఒకే పాట, ఒకే వాల్యూమ్. మొదటి మూడు రోజులు నాన్న "తేడా లేదు" అన్నారు. 5 దగ్గర "ఏదో ఉంది" అన్నారు. 8 దగ్గర మృదంగంలో కుడి మూత చప్పుడు రెండు చెవులకీ మధ్యలో నిలబడిందన్నారు. అంతకుముందు అది ఎప్పుడూ కుడివైపే ఉండేదట. 10కి వెళితే మొహం చిట్లించారు, గాజు పెంకు గీసినట్టుంది అన్నారు. వెనక్కి 8కి వచ్చి ఆగాం. అక్క దాన్ని నాన్న పేరుతో సేవ్ చేసింది.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం. అంకెల్లో పెంచితే అంకె పొంగిపోయే ప్రమాదం ఉంటుంది. అప్పటికే నిండుగా ఉన్న గ్లాసులో ఇంకో 8 డెసిబెల్స్ పోస్తే ఒలికిపోతుంది, పాట బొంగురుపోతుంది. మేము వినేది మైనస్ 25 దగ్గర కాబట్టి గ్లాసులో చోటుంది. వాల్యూమ్‌ని మైనస్ 8 కంటే పైకి తీసుకెళ్లేవాళ్లు ఉంటే చూసుకోవాలి. అంత పైకి వెళ్లే పని ఏ చెవికీ ఉండకూడదు లెండి.

తాతయ్య క్యాసెట్ గురించి చెప్పాలి. 1996లో ఇంట్లో ఒక చిన్న టేప్‌రికార్డరులో పట్టింది. హరిశ్చంద్ర నాటకం కాటిసీను పద్యాలు, హార్మోనియం ఆయనదే, గొంతూ ఆయనదే. ఒకవైపు ముప్ఫై నిమిషాలు. మావయ్య దాన్ని స్టూడియోలో జాగ్రత్తగా కంప్యూటర్‌లోకి ఎక్కించి పంపారు. టేపు బుస అలాగే ఉంచారు, తీసేస్తే గొంతులో గాలి కూడా పోతుందని. మోనో రికార్డింగ్, రెండు చెవుల్లో ఒకటే. ఎడమ కుడి పోల్చి చూడటానికి అంతకంటే మంచిది లేదని అక్క దాన్ని పెట్టింది. అంతకుమించి ఆలోచన ఏమీ లేదు.

నాన్న కళ్లు మూసుకుని విన్నారు. రెండో పద్యం అయ్యాక ఒక్క క్షణం ఆగుతుంది, తాతయ్య మంచినీళ్లు తాగుతారు. అక్కడ నాన్న చెయ్యెత్తి ఆపమన్నారు. "అది వెనక్కి పెట్టమ్మా" అన్నారు. పెట్టాం. మళ్లీ పెట్టమన్నారు. మాకు ఏమీ ప్రత్యేకంగా అనిపించలేదు, మేము ఎప్పుడూ వింటున్నదే. గ్లాసు అందించేటప్పుడు గాజుల చప్పుడు.

"అమ్మ గాజులు" అన్నారు నాన్న.

తాతయ్య పోయి పదకొండేళ్లు. నాయనమ్మ చేతులకి గాజులు మేము చూడలేదు. టేపులో ఆ చప్పుడు నాయనమ్మదని మాకు అంతవరకు తట్టలేదు. నాన్న ఈ క్యాసెట్‌ని ఎన్నోసార్లు విన్నారు, కానీ ఎప్పుడూ వంటింట్లో చిన్న స్పీకరు మీద, ఫ్యాన్ కింద. గాజుల చప్పుడంతా ఆయన గుంట పడిన చోటే ఉంటుంది. అక్క ఈక్వలైజర్ తీసేసి ఒకసారి, వేసి ఒకసారి పెట్టింది. తీస్తే కుడివైపు సన్నగా ఎక్కడో ఉందన్నారు. వేస్తే గదిలో ఉందన్నారు. ఆ రోజు పావుగంట నియమం పాటించలేదు.

మర్నాడు నాయనమ్మకి ఫోన్ చేసి చెప్పారు. ఆవిడ "ఆ మంచినీళ్ల గ్లాసు ఇత్తడిదిరా, మీ నాన్నకి స్టీలు పనికొచ్చేది కాదు" అన్నారు. గాజుల గురించి ఏమీ అనలేదు.

ఒక మాట మాత్రం మీతో గట్టిగా చెప్పాలని ఉంది. స్కూలు బస్సులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, బస్సు మోతని మించి పాట పెట్టేవాళ్లు మా క్లాసుల్లో చాలామంది ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రకటించిన లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు వినదలుచుకుంటే 80 డెసిబెల్స్ దాటకూడదు, పిల్లలకైతే 75. ప్రతి 3 డెసిబెల్స్ పెంచినప్పుడల్లా వినే సమయం సగానికి పడిపోతుంది. అంటే పెద్దవాళ్లకి 83 అయితే 20 గంటలు, 86 అయితే 10, 89 అయితే 5. నాబు మీద 3 అంకెలంటే వేలు కదిలినట్టే ఉండదు. మా ఇంట్లో కొలత సులువు: మా హెడ్‌ఫోన్స్ వెనుక తెరిచి ఉండే రకం, కాబట్టి మూడడుగుల దూరంలో అమ్మ మామూలుగా మాట్లాడితే వినపడాలి. వినపడకపోతే అమ్మ నాబు తిప్పేస్తుంది. మాన్యువల్‌లో లేని లిమిటరు అది.

పెట్టె వల్ల కానిదీ చెప్పాలి. భోజనాల దగ్గర ఎడమవైపు కూర్చున్నవాళ్లకి అది పనికిరాదు. మార్కెట్లో పనికిరాదు. మేడమ్ చెప్పిన మూడో మాటని నాన్న రెండు నెలలు వాయిదా వేశారు. గాజుల సంగతి తరువాత ఆయనే అమ్మని అడిగి అపాయింట్‌మెంట్ తీసుకోమన్నారు. ఇప్పుడు ఎడమ చెవి వెనుక చిన్న యంత్రం ఉంది. మొదటి వారం ప్లాస్టిక్ సంచి నలిపినా ఉలిక్కిపడ్డారు, టపాకాయలా ఉందని. ఇప్పుడు అలవాటైంది. పాటలకి మాత్రం దాన్ని తీసి డబ్బాలో పెట్టి, హెడ్‌ఫోన్స్ తగిలించుకుంటారు. నాబు ఆయనే తిప్పుకుంటారు. ఏ బటన్ దేనికో ఇంకా మమ్మల్నే అడుగుతారు, తెలిసినా.

జులైలో మళ్లీ ఆడియోగ్రామ్ ఉంది. ఆ గీత చూశాక నాలుగో బ్యాండ్‌ని 8 దగ్గరే ఉంచాలో, మార్చాలో చూడాలి. ఈలోగా అవతలివైపు క్యాసెట్ మిగిలి ఉంది. మావయ్య ఆ సగం ఇంకా పంపలేదు.